మార్కునకు ముందుమాట

అమీర్‌పేటలో మైత్రీవనము వెనుకనున్న సందులలో తిరుగుట అలవాటు లేనివారికి తొలుత కనబడునవి మనుష్యులు కారు, బోర్డులు. జావా, టెస్టింగ్, శాప్, స్పోకెన్ ఇంగ్లీషు, జి.ఆర్.ఇ., ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అని ఒకదాని నెత్తిన నొకటి ఎక్కి కూర్చున్న ఆ ఫలకముల నడుమ, మూడవ అంతస్తులోని యొక చిన్న గదిలో, డిగ్రీ చదువుచున్న పిల్లలకును, పై దేశములకు పోగోరు పిల్లలకును వ్యాసరచన నేర్పు అధ్యాపిక యొకతె కలదు. అచ్చటికి ఎంతో దూరము లేని పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో, కోస్తా నుండి యౌవనముననే వచ్చి స్థిరపడి, చిరకాలము కళాశాలలో తెలుగు చెప్పి, ఏటేట స్పాట్ వాల్యుయేషనులో కూర్చుండి, తుదకు చీఫ్ ఎగ్జామినరుగా పేరు పొంది విరమించిన పెద్దమనిషి యొకరు కలరు. ఆమె ఒకప్పుడు వారి తరగతిలో చదువుకొన్నది. ఇరువురకును పరస్పర గౌరవము మెండు. ఏకాభిప్రాయము మాత్రము మృగ్యము. వారొక ఆదివారము సాయంకాలము మాటలాడుకొన్నది నేటి వాడుక భాషలోనే. దానిని నేనీ పాతకాలపు వాక్యములలోనికి దింపితిని. వాడుక భాషకై వాదించిన గిడుగువారి ప్రసక్తి వచ్చు సంభాషణను గ్రాంథికచ్ఛాయలో వ్రాయుట విపరీతము గాదా యని యెవరైన అడిగినచో, ఆ సంగతి నాకును తోచకపోలేదని మాత్రము విన్నవించుకొందును.

పరీక్షకుడు : ఏమమ్మా, ఈ కట్ట నిండ అంచులలో ప్రశ్నలే గాని మార్కు ఒక్కటియు కనబడదే! పిల్లవాడు నీకు వ్యాసమిచ్చినాడు, నీవు వానికి తిరిగి ప్రశ్నపత్రమిచ్చితివి.

అధ్యాపిక : మార్కు వేసినచో వారు చూచునది అదొక్కటే, మాస్టారూ. పదింటికి ఆఱు వచ్చినవాడు ప్రక్కవాని కాగితములోనికి తొంగిచూచి, వానికి ఏడు వచ్చినదని తెలిసికొని, ఆ యొక్క మార్కు ఎందుకు తగ్గినదని నాతో వాదమునకు వచ్చునే గాని, అంచున నేను వ్రాసిన నాలుగు మాటలు చదువడు. ఇది నా గదిలో కన్నది మాత్రమే కాదు. ఇజ్రాయెల్ దేశమున రూత్ బట్లర్ అను విదుషి బడిపిల్లలను మూడు తెగలు చేసి, ఒక తెగకు మార్కు మాత్రము, ఒక తెగకు వ్యాఖ్య మాత్రము, మూడవ తెగకు రెండును కలిపి యిచ్చి చూచి, ఆ ఫలితములను 1988లో ప్రకటించినది. వ్యాఖ్య మాత్రమే పొందినవారు తరువాతి పనిలో మెఱుగుపడిరి. రెండును పొందినవారో, మార్కు మాత్రము పొందినవారివలెనే, ఉన్నచోటనే యుండిపోయిరి. మార్కు సరసన కూర్చున్న వ్యాఖ్యకు నోరు పెగలదు.

పరీక్షకుడు : వారు అయిదాఱు తరగతుల పసివారు గదా! మన డిగ్రీ పిల్లవాడు ఫీజు రీయింబర్స్‌మెంటు ఎప్పుడు వచ్చునా, హాజరు చాలునా చాలదా, బ్యాక్‌లాగులెన్ని మిగిలినవి అని వ్రేళ్లు మడచి లెక్క పెట్టుకొనుచుండువాడు. 2016లో తెలంగాణపు డిగ్రీ కళాశాలలలో సెమిస్టరు పద్ధతి వచ్చినది మొదలు ఆ లెక్క ఏడాది పొడుగున నడచుచునే యున్నది. అట్టివానికి మార్కు చెప్పక గుణదోషములు మాత్రము వివరించుట, ధర చెప్పక సరుకు వర్ణించు దుకాణదారు తీరుగా నుండును. వాడు ఓపికతో వినడు. పొరుగు దుకాణమునకు పోవును.

అధ్యాపిక : మార్కు వలదని నేననలేదు. రెండవ ప్రతి వచ్చిన పిదప వేయుదును. తొలిప్రతి మీద మాట, తుదిప్రతి మీద మార్కు. ఈ వరుస తప్పినచో మన మాట శవపరీక్ష వంటిదగును.

పరీక్షకుడు : నీవు స్పాట్ ఎన్నడును చూడలేదు కనుక ఇంత తీరికగా పలుకగలుగుచున్నావు. ఉదయమున పోయి సంతకము చేయుదుము. కట్ట యొకటి చేతికిత్తురు. ప్రతి పత్రమునకును పై భాగము చింపి, సంకేత సంఖ్య మాత్రము మిగిల్చి యుందురు. లోపల చూడబోయిన, ఒకడు పుటకు పది పంక్తులు వ్రాసి ఏడు అడిషనల్స్ కట్టినవాడు. ఒకతె ప్రతి సైడ్ హెడ్డింగు క్రిందను స్కెచ్ పెన్నుతో రెండేసి గీతలు గీచినది. ఇంకొకడు ప్రశ్నకు ప్రశ్ననే మూడుమార్లు తిప్పి వ్రాసి, తుదిపుటలో 'పాస్ చేయండి సార్, ఇంట్లో పెండ్లి కుదిరింది' అని విన్నపము జతచేసినవాడు. ఇవన్నియు చదివి, ఒప్పునకు టిక్కు పెట్టి, అంచున అంకె వేసి, మొత్తము కూడి, వృత్తములు నింపి, దిద్దని సమాధానమేదైన నున్నదేమో యని స్క్రూటినైజరు వెదకులోపల తప్పులేకుండ ముగింపవలెను. పత్రమునకింత యని రుసుము. ఫలితములు సకాలమున రాలేదని పత్రికలు అప్పుడే వ్రాయుచుండును. అందు వ్యాఖ్య వ్రాయుటకు చోటెక్కడ, వ్రాసినను ఎవరికి? ఆ కాగితము మరల పిల్లవానిని చేరదు. గోదామునకు పోవును.

అధ్యాపిక : అదే నా ఆవేదన. ఆ పిల్ల మూడేండ్లలో వ్రాయు పుటలలో ఎక్కువపాలు ఆ గోదామునకే పోవుచున్నవి. తాను వ్రాసినదానిని చదివినవాడొకడున్నాడను జాడయైనను ఆమెకు చేరదు.

పరీక్షకుడు : చేరకుండుటయే ఆమెకు రక్ష. ఆ పత్రము మీద పేరు లేదు, ఊరు లేదు, కులము లేదు, కళాశాల లేదు. నగరపు నడిబొడ్డున ఖరీదైన కళాశాలలో చదివిన పిల్లయు, మారుమూల మండలమున సంక్షేమ వసతిగృహములో నుండి చదివిన పిల్లయు ఆ బల్ల మీద సరిసమానులు. నేను వారి ముఖము చూడను. వారు నా ముఖము చూడరు. నీ వ్యాఖ్య యన్ననో ముఖపరిచయము మీద నిలుచునది. ముఖమున్నచోట అభిమానముండును; అభిమానమున్నచోట రెండు మార్కులు అటునిటు జరుగును. ఇంటర్నల్స్‌లో ఏమి జరుగుచున్నదో చూచుచునే యున్నావు గదా! అందఱకును నిండు మార్కులే. పోగొట్టుకొన్నవాడు లెక్చరరుతో తగవు పెట్టుకొన్నవాడొక్కడే.

అధ్యాపిక : చూడని న్యాయము న్యాయమే కావచ్చును, నిలుకడ గలదని మాత్రము చెప్పలేము. మన దేశపు విద్యను గూర్చి 1929లో నివేదిక సమర్పించిన సంఘమునకు అధ్యక్షత వహించిన హార్టాగ్ మీకు తెలిసినవారే. ఆయనయే 1935లో ఇంగ్లండున రోడ్స్ అనువానితో కలిసి పరీక్షలను పరీక్షించెను. అంతకుముందు సమానమైన మార్కులు పొందియున్న పదునైదు చరిత్ర పత్రములను తీసికొని, పేరుగల పరీక్షకులచేత దిద్దించి, ఏడాదికి పైగా కడచిన పిదప అవే పత్రములను వారిచేతనే మరల దిద్దించిరి. 210 సందర్భములలో 92 పర్యాయములు ఒకే పరీక్షకుడు తాను మునుపు చెప్పిన తీర్పునకు భిన్నముగా తీర్పు చెప్పెను. పిల్లవాని ముఖమెవ్వరును చూడలేదు. ఐనను ఉత్తీర్ణుడన్నవానినే తప్పినాడనిరి.

పరీక్షకుడు : ఎండకు ఒక తీర్పు, వానకు ఒక తీర్పు అని నేనును అంగీకరింతును. భోజనమునకు ముందు దిద్దిన కట్టకును, తరువాతి కట్టకును కొంత భేదముండుట నేనెఱిగినదే. అందుకే కొన్నిచోట్ల పి.జి. పత్రములను ఇద్దఱిచేత దిద్దింతురు. చీఫ్ ఎగ్జామినరు నడుమ నడుమ పత్రములు లాగి చూచును. తృప్తి లేనివాడు రీవాల్యుయేషనుకు కట్టుకొనును. పైగా 2011 ఆగస్టులో సుప్రీముకోర్టు, సమాచార హక్కు చట్టము క్రింద తన దిద్దిన పత్రమును చూచుకొను హక్కు విద్యార్థికి కలదని తేల్చి చెప్పినది. ఇంకేమి కావలయును?

అధ్యాపిక : చూచుకొన్నవాడు ఏమి చూచును? నాలుగు టిక్కులు, ఒక అడ్డగీత, అంచున 'ఐదు'. ఐదు ఎందుకో, ఆఱు ఎందుకు కాదో ఆ పుటలో ఎక్కడను లేదు. దానిని చూచినవాడు న్యాయవాదిగా మారునేమో గాని రచయితగా మారడు. 2019 ఏప్రిలులో మన ఇంటర్మీడియెటు ఫలితములప్పుడు తెలుగులో తొంబదితొమ్మిది రావలసిన బాలికకు సున్న పడినది. తప్పినవారిలో ఎందఱో ప్రాణములు తీసికొనిరి. తుదకు తప్పినవారందఱి పత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింపుడని ప్రభుత్వమే ఆజ్ఞాపింపవలసి వచ్చెను.

పరీక్షకుడు : ఆ సున్న వృత్తములు నింపుటలో జరిగిన ప్రమాదము, చదివినవాని తీర్పు కాదు. దానిని నీ వాదమునకు వాడుకొనకుము.

అధ్యాపిక : వాడుకొనను. మా అధ్యాపకవర్గమున ఆ నెలను తేలికగా తలచువారు లేరు. కాని ఏడాదిపాటు తన వ్రాత ఎట్లున్నదో ఒకరిచేత చెప్పించుకొన్న పిల్లకు, ఒక అంకె తప్పు పడినపుడు, 'ఇది నా వ్రాతకు పడవలసిన అంకె కాదు' అను ధైర్యము కొంతయైన నుండునని నా నమ్మకము.

(ఈ మాటకు పెద్దాయన వెంటనే బదులు చెప్పలేదు. కట్టలోని కాగితములు రెండు మూడు త్రిప్పి, వేఱొక దారి పట్టిరి.)

పరీక్షకుడు : సరే, వ్యాఖ్య వ్రాయుదమనుకొందము. ఏ ప్రమాణముతో? అది తేలనిదే దిద్దుబాటు దౌర్జన్యమగును. మన భాషలో ఈ తగవు క్రొత్తది కాదు. 1911 మొదలు 1914 వఱకు చెన్నపురి విశ్వవిద్యాలయమును కుదిపిన వివాదము ఏ మహాకావ్యమును గూర్చియు కాదు. పరీక్షలో పిల్లవాడు వ్రాయు తెలుగు వ్యాసమున దేనిని తప్పనవలెను, దేనిని ఒప్పనవలెను అనుటను గూర్చియే. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్సు దొర, శ్రీనివాస అయ్యంగారు, గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు వాడుక భాష ప్రక్కను, జయంతి రామయ్య పంతులు మొదలగువారు గ్రాంథికము ప్రక్కను నిలిచిరి. 1914లో గురజాడ ఆ విశ్వవిద్యాలయమునకు అసమ్మతిపత్రము సమర్పించునంత దూరము పోయినది వ్యవహారము. 1858 నాటి బాలవ్యాకరణము చేతబట్టుకొని పరీక్షకుడు కూర్చుండగా, తన యింటిలో పలుకు మాటను వ్రాసిన పిల్లవాడు తప్పుచున్నాడు. ప్రమాణము కుదురనిదే వ్యాఖ్య వ్రాయబూనుట ఎంత సాహసమో చూడుము.

అధ్యాపిక : ఆ కథలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టము వేఱు. గ్రాంథికమే వ్రాయవలెనన్న పండితుల గ్రంథములనే తీసికొని, వారి సూత్రములతోనే వారి వ్రాతను దిద్ది, పుటపుటకును తప్పులెత్తి చూపినారు గిడుగువారు. ఆయన 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము' అను గ్రంథము మన భాషలో జరిగిన పెద్ద మూల్యాంకనము కాదా?

పరీక్షకుడు : అవును, అవియును ఎఱ్ఱగీతలే గదా! నీవు నిందించుచున్న గీతలే.

అధ్యాపిక : అవే. వాదము గెలుచుటకు అవి తగినవి. కాని తప్పులెత్తి చూపబడిన పండితులు ఆనాడే సంతోషించి, ఇంటికి పోయి శైలి మార్చుకొనిరని ఎవరును చెప్పరు. పదునెనిమిదేండ్ల పిల్లవాని పుట మీద నేను గీతలు గీచి గెలిచితిని గాక, నాకు కలిగిన లాభమేమి? నల్లగొండ నుండి వచ్చిన పిల్లవాడు 'వచ్చిండు' అని వ్రాసినందుకు గీత గీచినవారిని ఎఱుగుదును. ఆ పిల్లవాడు ఆ మాటను మానుకొనుటయే గాక, ఆ మాటతో చెప్పదలచిన సంగతిని కూడ మానుకొన్నాడు.

పరీక్షకుడు : సంభాషణలో వ్రాసినచో నేను గీయను. వ్యాసమున వ్రాసినచో గీయుదును. మొగమాటమెందుకు?

అధ్యాపిక : అట్లయిన ఈ మూడు ప్రతులును చూడుడు. ఒక బి.కాం. పిల్లవానివి. విషయము 'మెట్రో రైలు ప్రయోజనములు'. 2017 నవంబరులో మియాపూరు నుండి నాగోలు దాక మొదటి రైలు పోయినది మన అమీర్‌పేట మీదుగనే గదా. ఏదో చెప్పునని ఇచ్చితిని. తొలిప్రతి గైడులోనిది: కాలుష్యము తగ్గును, కాలము కలిసివచ్చును, ఇంధనము పొదుపగును. నడుమ ఒక పంక్తి వ్రాసి, కొట్టివేసినాడు. వెలుతురునకు పెట్టి చదువుడు.

పరీక్షకుడు : (కాగితము పైకెత్తి) 'మా నాయన ఆటో నడుపుతడు. మెట్రో వచ్చినంక లాంగ్ గిరాకి పోయింది.'

అధ్యాపిక : ఆ పుట మీద నేను వ్రాసినది ఒకటే: 'ఇది ఎందుకు కొట్టేశావు?' మఱేమియు దిద్దలేదు. రెండవ ప్రతిలో గైడు మాటలు సగము పోయినవి. ఇదుగో, 'ముందుగాల కోఠి దాక ఒక్క గిరాకి దొరికితె ఆ పూట గ్యాస్ ఖర్చు ఎల్లేది. ఇప్పుడు స్టేషన్ కింద నిలబడి హాస్టల్ పిల్లల కోసం చూస్తడు. వాళ్లు సామాను ఉంటేనే ఎక్కుతరు.' ఈ కడపటి వాక్యము ఏ గైడులో నున్నది?

పరీక్షకుడు : బాగున్నది. కాని ప్రశ్న అడిగినది ప్రయోజనములను. తండ్రి కష్టము ప్రయోజనమెట్లగును? స్పాట్‌లో నా చేతికి వచ్చినచో, కనికరముతో నాలుగు వేయుదును. తొలిప్రతికి, కన్నులు మూసికొని, ఆఱు.

అధ్యాపిక : ఆ పద్ధతిలోని అపాయమంతయు ఆ రెండు మార్కులలోనే యున్నది, మాస్టారూ. అయినను మీరన్న ఆక్షేపణ సరియైనది. నేనును రెండవ ప్రతి అంచున దానినే ప్రశ్నగా వ్రాసితిని: 'మీ ఇంట్లో మెట్రో వల్ల ఎవరికీ మేలు కాలేదా?' మూడవ ప్రతిలో అక్క వచ్చినది. మలక్‌పేట నుండి ఇచ్చటికి కోర్సునకు వచ్చును. మునుపు చీకటి పడిన పిదప బస్సు మాఱి పోవలెనని తండ్రి చేర్పింపనే లేదట. రైలు వచ్చిన పిదపనే ఒప్పుకొన్నాడట. తన గిరాకి పోగొట్టిన రైలులోనే కూతును ఎక్కించి పంపుచున్న మనిషి. ఆ మాట పిల్లవాడు వ్రాయలేదు. రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి ఊరకున్నాడు. ఊరకుండుట ఎప్పుడు నేర్చినాడో నాకు తెలియదు.

పరీక్షకుడు : (చదివి) వర్ణదోషములు ఏడున్నవి. 'ఖర్చు'నకు వత్తు లేదు. 'శ'కారమునకు బదులు 'స'కారము రెండుచోట్ల. నీవు ఒక్కటియు దిద్దలేదు.

అధ్యాపిక : తుదిప్రతిలో దిద్దుదును. తొలిప్రతిలోనే దిద్దినచో, వాడు ఆ యేడింటిని సవరించి, మిగిలినదంతయు ఒప్పేనని తలచి, గైడు వాక్యములను శుభ్రముగా తిరిగి వ్రాసి యిచ్చును. చాలమంది చేయునది అదే.

పరీక్షకుడు : ఇంకొకటి అడుగుదును. ఈ మూడు ప్రతులు వాని చేతివేనని నీకెట్లు తెలియును? 2022 చివరను చాట్‌జీపీటీ వచ్చినది. పై దేశపు ప్రవేశములకు కావలసిన ఎస్.ఓ.పి.లు వ్రాసి అమ్మువారు నీ సందులోనే ఉన్నారు. ఇంటికి పంపిన ప్రతి ఏదియైనను ఫోను వ్రాసినదే కావచ్చును. పిల్లవాడు తన బుఱ్ఱతో, తన చేతితో వ్రాయు చోటు ఈనాడు పరీక్షశాల ఒక్కటే మిగిలినది. నీవు దానినే తక్కువ చేయుచున్నావు.

అధ్యాపిక : ఈ దెబ్బ గట్టిది. అందుకే తొలిప్రతి నా గదిలో, నా యెదుట, కలముతో వ్రాయింతును. రెండవదాని గూర్చి వానిని ఎదురుగా కూర్చుండబెట్టుకొని అడుగుదును. ఫోను వ్రాసినదానికి ఎవరి నాయనయు ఆటో నడుపడు. నడిపినను, ఏ స్టేషను క్రింద నిలుచునని అడిగితినా, తడబాటు పైకి వచ్చును. పరీక్షశాలలో మీకు ఆ అవకాశము లేదు. మీ యెదుటనున్నది పత్రము. నా యెదుటనున్నది పిల్లవాడు.

పరీక్షకుడు : నీవు నేర్పు జి.ఆర్.ఇ.యో? అందు వ్యాసమును మనిషితోబాటు ఇ-రేటరు అను యంత్రము కూడ దిద్దునని నీవే చెప్పితివి. పిల్లవానికి వచ్చునది సున్న మొదలు ఆఱు వఱకు ఒక అంకె. వ్యాఖ్య ఒక్క ముక్కయు లేదు. దానికి వేలకు వేలు కట్టి మరీ వ్రాయుచున్నారు.

అధ్యాపిక : ఉన్నమాటే. అది వచ్చినవారిని వడపోయు జల్లెడ. వ్రాత నేర్పు బడి యని నేననలేదు. 2023లో రెండు వ్యాసములను ఒకటి చేసిరి. అంకె మాత్రమట్లే యున్నది. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. వారు కొంత మేలు: దేనికి ఎంత చూతురో ఆ నాలుగు కొలతలను బహిరంగముగా ప్రకటించిరి. మన డిగ్రీ తెలుగు వ్యాసమునకు అట్టి కొలతల పట్టిక విద్యార్థి చేతికి ముందుగా ఇచ్చిన కళాశాల నొకదానిని చూపుడు.

పరీక్షకుడు : వాల్యుయేషన్ స్కీము మాకిత్తురు.

అధ్యాపిక : మీకు. వ్రాయువానికి కాదు.

పరీక్షకుడు : (నవ్వి) సరి. మా పాత కళాశాల యాజమాన్యము వారు ఇంటర్నల్స్ ఎట్లు మార్చవలెనని నన్ను సలహా అడుగుచున్నారు. సెమిస్టరు చివరి పరీక్షను ముట్టుకొననీయను. ఆ సంకేత సంఖ్య అట్లే యుండవలెను. ఇంటర్నల్స్‌లో నీవు కోరునదేమో సూటిగా చెప్పుము.

అధ్యాపిక : సెమిస్టరునకు రెండు వ్యాసములు. ప్రతిదానికిని తరగతిలో వ్రాసిన తొలిప్రతి; దానిమీద మార్కు లేని మాట; పది దినములలో రెండవ ప్రతి; దానికి మార్కు. కొలతల పట్టిక మొదటి దినముననే పిల్లల చేతికి.

పరీక్షకుడు : తరగతిలో అఱువదిమంది. రెండు వ్యాసములు, రెండేసి ప్రతులు. రెండువందల నలుబది పర్యాయములు చదువవలెను. ఆ లెక్చరరునకు మూడు సెక్షనులున్నవి. పైగా సగముమంది గెస్ట్ ఫాకల్టీ, గంటకింత యని జీతము. ఈ చదువునకు ఎవరు గంటలు కట్టిత్తురు?

అధ్యాపిక : తొలిప్రతికి రెండు ప్రశ్నలు మించి వ్రాయవలదని నియమము పెట్టుడు. పత్రమునకు మూడు నిమిషములు. పుట నిండ దిద్దినవారికంటె రెండు ప్రశ్నలడిగినవారి పిల్లలే నా అనుభవమున ఎక్కువ మారిరి.

పరీక్షకుడు : మూడు నిమిషములకు అయిదు పట్టును, నాకు తెలియును. రెండు కుదరవు. ఒక్క వ్యాసము.

అధ్యాపిక : ఒక్కదానితో పిల్లవాడు పద్ధతి తెలిసికొనులోపలనే సెమిస్టరు ముగియును. రెండు.

పరీక్షకుడు : ఒక్కటే వ్రాసి పంపెదను. రెండవదాని సంగతి, మొదటిదాని తొలిప్రతులు ఎన్ని దినములకు పిల్లల చేతికి తిరిగి వచ్చినవో చూచిన పిదప మాటలాడుకొందము. గెస్ట్ ఫాకల్టీకి ఆ గంటలకు జీతము కట్టవలెనని మాత్రము మొదటి వాక్యముననే వ్రాయుదును. దానిని వారు ముందుగా కొట్టివేయుదురు, చూచుచుండుము.